నాలుగు రోజులు, ఒక హాజరు పట్టీ

బయలుదేరక ముందు

గురువారం పొద్దున ఆరింటికి బయలుదేరాలనుకున్నాం. పదయింది. కారణం ఒక లెక్కల పుస్తకం.

దసరా సెలవుల్లో చివరి నాలుగు రోజులు పాపను ఎక్కడికైనా తిప్పుకొద్దామని నేనూ మా ఆయనా వారం ముందే అనుకున్నాం. పాపకు చెప్పలేదు. సర్‌ప్రైజ్ అన్నమాట. ఊదా రంగు సంచి ఒకటి 450 రూపాయలకు కొని, పొద్దున్నే దాని చేతికిచ్చి, "బట్టలు సర్దుకో, ఊరికి పోదాం" అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నా. "సరే" అని లోపలికి పోయింది. పావుగంటకు సంచి ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. జిప్పు పడటం లేదు. విప్పి చూస్తే బట్టలన్నీ ఉన్నాయి, స్కూలు యూనిఫాంతో సహా. లెక్కల పుస్తకం, తెలుగు వాచకం, టూత్‌బ్రష్షు, బాత్‌రూం చెప్పులు, పాత క్యాలెండర్‌లోంచి కత్తిరించుకున్న నెమలి బొమ్మ. నాలుగు నెలల్లో మా ఇంట్లో పోగేసుకున్న ఆస్తి మొత్తం అదే.

"యూనిఫాం ఎందుకు నాన్నా?" అన్నాను.

"ఆడ వేరే యూనిఫాం ఇస్తారా?" అంది.

పాప జూన్‌లో మా ఇంటికొచ్చింది. తొమ్మిదేళ్ళు. అంతకుముందు రెండు పిల్లల హోములు మారింది. రెండుసార్లూ ఎవరో ఒకరు సంచి చేతికిచ్చి "సర్దుకో" అన్నారు. ఏ ఊరికో, ఎన్నాళ్ళకో ఎవరూ చెప్పలేదు. నేనూ సరిగ్గా అదే పని చేశాను. సంచి కొత్తది, అంతే తేడా.

నాకు నోట మాట రాలేదు. ఆయనే పుస్తకాలు తీసి అల్మారాలో పెట్టి, "ఇవి సోమవారం బడికి కావల్ల కదా" అన్నాడు. తర్వాత పాపను గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పిలిచి, ఆదివారం చుట్టూ సున్నా చుట్టమన్నాడు. "ఆ రోజు సాయంత్రానికి ఇంట్లో ఉంటాం." చుట్టింది. దాని మీదే ఇంకోసారి చుట్టింది. యూనిఫాం తీసి కొక్కేనికి తగిలించింది. వాచకం మాత్రం మళ్ళీ సంచిలోకి తోసింది. మేం చూడనట్టు ఊరుకున్నాం.

దత్తత గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ముందుది అర్థం కాదు. పెళ్ళయిన పదహారేళ్ళకు, దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ 'కారా' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాం. ఆయనకు 49, నాకు 45. రెండు నుంచి నాలుగేళ్ళలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 90 దాటకూడదు, రెండేళ్ళలోపయితే 85. మాది 94. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకైతే 110 దాకా ఒప్పుకుంటారు. పైగా చంటిబిడ్డల కోసం వరసలో నిలబడే వాళ్ళు ఎక్కువ, ఈ వయసు పిల్లల్ని అడిగేవాళ్ళు తక్కువ. అలా పాప మాకు కుదిరింది. ఇదివరకు దత్తత ఉత్తర్వు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబర్ నుంచి కలెక్టరే ఇస్తున్నారు. రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి ఇంటికొచ్చి చూసిపోతారు. పెద్దపిల్లలు కాబట్టి వాళ్ళ ఒప్పుదల కూడా అడుగుతారు. మా పాపను అడిగినప్పుడు అది ఎదురడిగింది ఒకటే ప్రశ్న: "వాళ్ళింట్లో రాత్రి లైటు ఆర్పేస్తారా?"

తొమ్మిదేళ్ళకు వచ్చిన పిల్లకు మొదటి అడుగు, మొదటి పన్ను, మొదటి మాట మనం చూసి ఉండం. ఆ లోటు నాలో ఒక అత్యాశగా తయారైంది. నేను ప్రైమరీ స్కూలు టీచర్ని. చేతి అలవాటు కొద్దీ ఒక నోట్‌బుక్కులో తేదీలు వేసి 'మొదటిసారి'లు రాస్తున్నాను. మొదటిసారి సైకిలు. మొదటిసారి పుట్టినరోజు కేకు. "ఏందే అది, హాజరు పట్టీనా?" అని ఆయన ఎగతాళి. ఈ ప్రయాణం కోసం ముందే ఒక పేజీ గీతలు గీసి పెట్టుకున్నాను కూడా: గుహ, కోట, లాడ్జి, హోటల్లో దోశ.

మొదటి రోజు, గురువారం: తాడిపత్రి

అనంతపురం నుంచి తాడిపత్రి 60 కిలోమీటర్ల లోపే. మాది పాత కారు, ఏసీ పెడితే ఎక్కాలు చదివే పిల్లాడిలా గొణుగుతుంది. అద్దాలు దించుకుని పోయాం. దారి పొడుగునా చేలల్లో చెనక్కాయ కట్టె పీకి వాములు వేస్తున్నారు.

సగం దారిలో ఒక రేకుల హోటల్ దగ్గర ఆగాం. సర్వరుకు అరవయ్యేళ్ళుంటాయి, భుజాన తువ్వాలు. ఇడ్లీ, వడ, పూరీ, దోశ, కారం దోశ, ఉగ్గాని బజ్జీ అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పి పాప వైపు చూశాడు. పాప నా వైపు చూసింది. "మీరు ఏది తింటే అదే." ఇంట్లోనూ నాలుగు నెలలుగా ఇదే మాట. నేను చెప్పబోతుంటే సర్వరు చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మను అడగల్యా, నిన్ను అడిగినా. రెండే చెప్తా. కారం దోశనా, ఉగ్గానినా?" పాప చాలాసేపు ఆలోచించింది. వెనక బల్ల మీద వాళ్ళు పిలుస్తున్నా ఆయన కదల్లేదు. చివరికి "ఉగ్గాని" అంది. "బజ్జీ ఒకటా, రెండా?" "రెండు."

ఎన్ని పిల్లల మనస్తత్వ పాఠాలు విన్నానో బి.ఇడి.లో. ఆరు రకాలు చెప్పి ఏది కావాలంటే బిత్తరపోతారు, రెండు చెప్పి అడిగితే నోరు విప్పుతారు అన్న సంగతి ఈ పెద్దాయన దగ్గర నేర్చుకున్నా. ప్లేటు 40 రూపాయలు. బొరుగులు సరిగ్గా నాని, నిమ్మకాయ పులుపు పట్టి, మిరపకాయ బజ్జీ మాత్రం కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. పాపకు కాదు, నాకు.

తాడిపత్రిలో మధ్యాహ్నం గుడి తలుపులు వేసి ఉంటాయి కదా, సాయంత్రం దాకా లాడ్జిలో పడుకుని అప్పుడు పోయాం. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి. బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర నీళ్ళు ఊరుతుంటాయి. పెమ్మసాని నాయకులు కట్టించారు, విజయనగర రాజుల కాలం. గోపురాలు పూర్తికాలేదు. కింది రాతి భాగం మాత్రం ఒక్క వేలెడు జాగా వదలకుండా చెక్కారు, పైన ఆకాశం. "సగంలో ఎందుకు వదిలేసినారు?" అని పాప అడిగింది. "ఏమో" అన్నా. "తర్వాత వచ్చినోళ్ళు కట్టొచ్చు కదా?" ఆయన, "కట్టొచ్చు. అయితే ఈ రాయికి అతికేటట్టు కట్టడం కష్టం" అన్నాడు. చింతల వెంకటరమణ గుడిలో రాతి రథాన్ని మాత్రం పాప రెండు చేతులతో తోసి చూసింది. పక్కనున్న ముసలమ్మ, "తోయి, తోయి, నా చిన్నప్పటి నుంచి నేనూ తోస్తాండా" అంది.

లాడ్జి గది 900 రూపాయలు. నా పట్టీలో 'మొదటిసారి లాడ్జి' అని రాసి ఉంది, టీవీ రిమోట్ చూసి సంబరపడుతుందని అనుకున్నా. రిమోట్ ముట్టుకోలేదు. రాత్రి పడుకోబోయే ముందు, "బయటి నుంచి గడియ ఎవరు పెడతారు?" అని అడిగింది. హోములో రాత్రి బయటి నుంచి వేసేవాళ్ళట. "గడియ లోపలే ఉంది, మనమే వేసుకోవాలి, మనమే తీసుకోవాలి" అని చూపించాను. వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. ఐదారు సార్లు టకటక. కింద నుంచి లాడ్జి కుర్రాడు పైకొచ్చి "ఏమన్నా కావాలా మేడమ్?" అని అడిగి పోయాడు.

మా ఇంట్లో దాని గది తలుపుకు లోపల గడియ ఉంది. ఒక్కసారి కూడా వేసుకోలేదు. చూపించాలని నాకు తోచలేదు.

రెండో రోజు, శుక్రవారం: బెలుం

తాడిపత్రి నుంచి బెలుం దాదాపు 30 కిలోమీటర్లు, కొలిమిగుండ్ల మండలం. ఇప్పుడు నంద్యాల జిల్లా, మా నోటికి ఇంకా కర్నూలు జిల్లానే. దారికి రెండు పక్కలా నల్లటి నాపరాయి గనులు. ఇళ్ళ గోడలు, చేల గట్లు, చివరికి పశువుల కొట్టాలు కూడా ఆ బండలతోనే.

గుహ అంటే కొండలో ఉంటుందని పాప అనుకుంది. ఇక్కడ కొండ లేదు. చదునైన చేను, మధ్యలో బావి లాంటి గుంత, అందులోకి మెట్లు. కింద 3,229 మీటర్ల పొడవున సున్నపురాతిని నీళ్ళు తొలుచుకుంటూ పోయిన దారులు. అందులో ఒకటిన్నర కిలోమీటర్ల దాకా జనాన్ని వదులుతారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయుడు దీని గురించి రాశాడు, దాదాపు వందేళ్ళ తర్వాత జర్మన్లు వచ్చి కొలిచారు. ఊరి వాళ్ళకు మాత్రం ఇది ఎప్పుడూ ఉన్న 'బిలం'.

దిగిన కొద్దీ ఉక్కపోత. లోపల లైట్లున్నాయి, గాలి కోసం పైనుంచి గొట్టాలు దించారు, అయినా చొక్కాలు ఒంటికి అతుక్కుపోతాయి. పాప మా ఇద్దరి కంటే ముందు నడిచింది. లైటు గురించి అడిగిన పిల్ల, చీకటంటే భయమేమోనని నేను టెన్షన్ పడుతుంటే, అది గోడలు తడుముతూ "ఈడ చల్లగుంది, ఈడ లేదు" అని చెప్పుకుంటూ పోతోంది. పైకప్పు నుంచి ఊడల్లా వేలాడే రాళ్ళున్న చోట మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూసింది.

అన్నిటికంటే లోతు పాతాళగంగ, పైనేల నుంచి 46 మీటర్లు. దారి ఇరుకు, మెట్లు తడి. నా మోకాళ్ళ సంగతి తెలిసి, నేను ఒక బండ మీద కూర్చుండిపోయాను. "మీరిద్దరూ చూసి రండి. నేను ఈడనే ఉంటా. కదలను" అన్నాను. పాప రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగి, "ఈడనేనా?" అంది. "ఈడనే."

వాళ్ళు పోయిన ఐదు నిమిషాలకు ఒక స్కూలు బస్సు పిల్లలు వచ్చిపడ్డారు. యాభై మంది ఉంటారు. ఉన్న గాలి కూడా అయిపోయినట్టు అనిపించింది. నాకు కళ్ళు తిరిగాయి. అక్కడ పనిచేసే ఒకాయన చూసి, "ఇట్ల రామ్మా, గాలి గొట్టం కింద కూర్చో" అని మలుపు అవతలికి తీసుకుపోయాడు. ఇరవై అడుగులు, అంతే. వాళ్ళు వచ్చే శబ్దం వినపడుతుంది కదా అనుకున్నా. వినపడలేదు. ఆ పిల్లల గోలలో ఏదీ వినపడలేదు. ఫోను సిగ్నలు లేదు.

ఎంతసేపో తెలియదు. మా ఆయన పది నిమిషాలంటాడు. నేను తేరుకుని మలుపు తిరిగి వచ్చేసరికి, పాప సరిగ్గా నేను కూర్చున్న బండ పక్కన నిలబడి ఉంది. ఏడవటం లేదు. పిలవటం లేదు. చేతులు రెండూ పక్కన అతికించినట్టు పెట్టి, అసెంబ్లీలో నిలబడినట్టు నిలబడింది. మా ఆయన అవతల నా పేరు పెట్టి అరుస్తున్నాడు.

నన్ను చూసింది. కొంచెంసేపు అలాగే చూసింది. తర్వాత గుహ దద్దరిల్లేలా అరిచింది.

"ఈడనే ఉంటానని చెప్పినావు కదా! కదలనని చెప్పినావు కదా! ఏమిటికి చెప్పినావు? పోయేదుంటే ఏమిటికి చెప్పినావు నువ్వు?"

స్కూలు పిల్లలందరూ మా వైపు తిరిగారు. నేను కళ్ళు తిరిగిన సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే అది జాలిపడి నోరు మూసుకునేది, అంతవరకు నాకు తెలుసు. "తప్పయింది. చెప్పి పోవల్సింది" అన్నాను. "ఆ" అంది. చెయ్యి పట్టుకోబోతే లాక్కుంది. కానీ పైకొచ్చే దాకా నా చీర కొంగు వదల్లేదు, ముఖం మాత్రం అటు తిప్పుకునే.

సప్తస్వరాల గుహ చూడలేదు. రాళ్ళు కొడితే స్వరాలు పలుకుతాయంటారు. ఇంకోసారి.

అదే రోజు మధ్యాహ్నం: రేగడి

బనగానపల్లెకు పోవాలి. ఫోన్లో మ్యాపు దగ్గర దారి చూపించింది. మెయిన్ రోడ్డు వదలొద్దని నేనన్నాను, అసలు నా మాటకు ఆ పూట విలువ లేదు. నాలుగు కిలోమీటర్లకు తారు అయిపోయింది, ఇంకో కిలోమీటరుకు కంకర అయిపోయింది, ఆ తర్వాత నల్లరేగడి. ముందు రోజు వాన పడింది. చక్రాలు సగం దిగబడ్డాయి.

పక్క చేలో శనగ విత్తనం వేస్తున్నారు. ఏమీ అడక్కముందే ఐదుగురు వచ్చారు. ఒకాయన కారును, మా ఆయన్ను మార్చి మార్చి చూసి, "ఆ ఫోన్ల చెప్పేదానికి చేను ఉందా సార్?" అన్నాడు. చెప్పులు విప్పి, టైర్ల కింద కంది కట్టె వేసి, అందరూ కలిసి తోశారు. పాప కూడా దిగి తోసింది. మోకాళ్ళ దాకా బురద.

బండి బయటపడ్డాక మూడొందలు ఇవ్వబోతే ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. ఈ సీమలో సాయానికి డబ్బు చూపించడం ఎంత తప్పో ఇక్కడే పుట్టిన నాకు తెలియక కాదు, ఆ ఖంగారులో చెయ్యి జేబులోకి పోయింది. పెద్దామె ఒకామె సద్ది విప్పి జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టింది. "బుడ్డలు తింటావా పాపా?" అంది. పాప బిక్కముఖం పెట్టింది. మాకు చెనక్కాయలు, వాళ్ళకు బుడ్డలు. ఉడకబెట్టినవి దోసెడు పోసింది.

"యా ఊరు మీది?"

"అనంతపురం. మాకు రెండు బర్రెలు ఉండాయి" అంది పాప.

మాకు కుండీలో తులసి తప్ప ఏమీ లేదు. నేను నోరు తెరిచే లోపల మా ఆయన తలూపాడు. "అవును. ఒకటి మొన్ననే ఈనింది." పాప ఆయన వైపు చూసిన చూపు నేను ఏ పట్టీలో రాయగలను. "దూడ ఆడదా, మగదా?" అని పెద్దామె. "ఆడదే" అంది పాప, తడుముకోకుండా.

ఆ రాత్రి బనగానపల్లెలో పాప పడుకున్నాక ఆయన మెల్లగా అన్నాడు. "గమనించినావా? నిన్ను నువ్వు అనింది."

మొదటి రోజు నుంచీ పాప నన్ను 'అమ్మా' అనే పిలుస్తోంది. చుట్టాలందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం సంబరపడలేకపోయాను, ఎందుకంటే హోములో ఆయా అమ్మే, వంటామె అమ్మే, వార్డెన్ కూడా పెద్దమ్మే. ఆ మాట అది అందరికీ ఇచ్చింది. 'నాన్న' అనడానికి రెండు నెలలు పట్టింది, అంతదాకా ఆయన 'సార్'. ఏ పిలుపుతో పిలిచినా తర్వాత వచ్చేది 'మీరు'. మీరు తిన్నారా, మీరు చెప్పండి. మా వైపు తల్లిని మీరు అనే పిల్లల్ని నేను చూడలేదు. ఎప్పుడు మారుతుందా అని నాలుగు నెలలుగా చెవులు రిక్కించుకుని ఉన్నాను. అది వచ్చినప్పుడు నేను తిట్లు తినడంలో పడి వినలేదు. వినిపించుకున్నది పక్కనున్న మనిషి.

మూడో రోజు, శనివారం: యాగంటి

పొద్దున్నే, "మీరు కాఫీ తాగినారా అమ్మా?" అంది. సరే.

బనగానపల్లె పేరు చెబితే మామిడిపండు గుర్తొస్తుంది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్టోబరులో ఏముంటుంది, సీతాఫలాలు. యాగంటి దారిలో గంపలు పెట్టుకుని కూర్చున్న ఆమె దగ్గర ఆగాం. వంద రూపాయలకు పన్నెండు, బేరమాడితే పద్నాలుగు. కాయలు ఏరుతూ పాపను తేరిపార చూసి, "నాయన పోలికే. ఆ ముక్కు చూడు, అచ్చు" అంది. నేనూ ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పాప ఏమీ అనలేదు. కారెక్కాక వెనక సీట్లోంచి ముందుకు వంగి, అద్దంలో ఆయన ముక్కు చూసింది, తన ముక్కు చూసుకుంది. "నాన్నది పెద్దది" అని తీర్పు చెప్పి వెనక్కి జరిగింది.

యాగంటిలో నేను గైడు అవతారం ఎత్తాను. ఇక్కడ కాకులు ఉండవు, అగస్త్యుడి శాపమంట. ఉమామహేశ్వరులు ఒకే రాతిలో. కోనేటిలోకి నంది నోట్లోంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి. ఈ బసవన్న ఏడాదేడాదికి పెరుగుతున్నాడు, అందుకే ప్రదక్షిణకు జాగా చాలక పక్కనున్న స్తంభం తీసేశారంటారు, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారు చెప్పారు. పాప తలూపుతూ వింటోంది. ఎంత బుద్ధిగా వింటోందో అనుకుని ఇంకా చెప్పాను. కోనేటి దగ్గరికొచ్చేసరికి నా మోచెయ్యి పట్టి ఆపింది.

"ఆ పక్క వద్దు. ఆ మెట్లు జారతాయి. మా వాళ్ళలో ఒకామె పడింది."

"నీకెట్ల తెలుసు?"

"హోము నుంచి బస్సులో వచ్చినాం. పోయినేడు కాదు, అంతకు ముందేడు."

"మరి చెప్పలేదే?"

"మీరు సంతోషంగా చెప్తాండారు కదా" అంది.

నిన్న గుహలో అరవకపోయుంటే ఈ మాత్రం కూడా చెప్పేది కాదేమో. 'మొదటిసారి' అని నేను రాసుకున్నవాటిలో ఇట్లా ఎన్నింటికి తలూపిందో? అడిగాను. కొంచెం నసిగి, కేకు కూడా మొదటిసారి కాదంది. ఎవరో పుట్టినరోజుకు హోములో పంచేవాళ్ళు. సైకిలు మాత్రం మొదటిసారే.

"నంది కాడ ఫొటో కూడా దిగినాం. నేను మూడో వరసలో నిలబడినా. ముందర పెద్దక్కోళ్ళు. నా ముఖం కనపడలే."

అయితే పద అన్నాడు ఆయన. మండపం దగ్గర వరస ఉంది, అరగంట నిలబడ్డాం. పాప ఒక్కతే బసవన్న ముందు, ఎండకు కళ్ళు చికిలించి, రెండు చేతులూ కట్టుకుని. నాలుగు తీస్తే నాలుగింటిలోనూ నవ్వలేదు. ముఖం మాత్రం బాగా కనపడింది.

ఆ తర్వాత గైడు మారింది. అగస్త్య గుహకు నిటారు మెట్లు, "మీరు కూర్చోండి, నేను నాన్న పోతాం" అని ఆగి, "యాడ కూర్చుంటారో చూపించండి" అంది. అరుగు చూపించాను. ఇరవై నిమిషాల పాటు కోతి వచ్చి పక్కన కూర్చున్నా కదల్లేదు. సీతాఫలాల సంచి దానికి సమర్పించుకున్నాను. పద్నాలుగులో మాకు మిగిలింది ఐదు.

మూడో రోజు రాత్రి, నాలుగో రోజు పొద్దున: గండికోట

కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు, అక్కడి నుంచి 15 కిలోమీటర్లు. దారి గురించి చెప్పుకోవాల్సింది లేదు, ఈసారి మెయిన్ రోడ్డు వదల్లేదు.

ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారిన లోయ అది. ఎవరో పెద్దపెద్ద ఎర్రరాళ్ళను పెట్టెల్లా పేర్చి వెళ్ళిపోయినట్టుంటుంది. కోట లోపల మాధవరాయ గుడి, కొంచెం దూరంలో జామా మసీదు, పక్కనే ధాన్యాగారం. మధ్యలో ఊరు, ఇళ్ళు, కోళ్ళు, మేకలు. మసీదు అరుగు మీద మేకపిల్లను పాప పావుగంట సేపు బతిమాలింది, అది రాలేదు.

పొద్దుగూకే వేళ లోయ అంచుకు పోయాం. చాలా చోట్ల కమ్మీలు లేవు. బండ మీద నుంచి బండ మీదికి దాటుతూ జనం ఫొటోలు దిగుతున్నారు. నేను చెప్పుల పట్టీ బిగించుకుని తలెత్తేసరికి పాప అందరికంటే చివరి బండ మీద ఉంది. కింద మూడొందల అడుగులు.

"ఏయ్! వెనక్కి రా! కాళ్ళు ఇరగ్గొడతా!"

నా గొంతేనా అనిపించింది. బడిలో పిల్లల్ని అరుస్తాను, ఇంట్లో ఈ నాలుగు నెలలూ ఒక్క మాట అనలేదు. పాలు ఒలకబోసినా, నోట్సు రాయకపోయినా "పర్లేదమ్మా, పర్లేదు" అనేదాన్ని, ఇంటికొచ్చిన చుట్టంతో అన్నట్టు. పాప బిగుసుకుపోయింది. మెల్లగా వచ్చింది. జబ్బ పట్టుకుని ఇవతలికి లాగి, వణుకుతున్నది నేనో అదో తెలియకుండా ఇంకో రెండు తిట్టాను. జనం చూశారు. చూడనీ.

రాత్రికి ఊళ్ళో ఒకరింటి పక్క ఖాళీ జాగాలో టెంటు, మనిషికి 500. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ప్లేటు 250. ఆ ఇల్లాలు సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి నెయ్యి పోసి, "నమలొద్దు, మింగల్ల" అని పాపకు చేసి చూపించింది. అనంతపురం పిల్లకు సంగటి నేర్పక్కర్లేదు, అయినా చెప్పించుకుంది. ముద్ద మింగి, ఆమెతో చాలా ఘనంగా అంది: "మా అమ్మ ఈపొద్దు నన్ను తిట్టింది. కాళ్ళు ఇరగ్గొడతాననింది."

"మంచి పని చేసింది. అంచుకు పోతివేమో" అంది ఆమె, ఇంకో గరిటె పులుసు వేస్తూ.

టెంటులో చలి మొదలైంది. పాప మా ఇద్దరి మధ్య. వాచకం సంచిలోంచి తీసి తల కింద పెట్టుకుంది, దిండు ఎత్తు చాల్లేదట. "లైటు ఆర్పేయమంటావా?" అని అడిగా. "నువ్వు ఆర్పొద్దు. మీకు నిద్ర రాకపోతే ఆర్పండి" అంది. ఒకే ఊపిరిలో నువ్వూ మీరూ. ఆర్పలేదు. టార్చి అట్లనే వెలిగి, తెల్లవారేసరికి బ్యాటరీ అయిపోయింది.

పొద్దున సూర్యోదయం మబ్బుల్లో పోయింది.

ఆదివారం: ఇల్లు

ముద్దనూరు, తాడిపత్రి మీదుగా సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరాం. పాత ఉగ్గాని హోటల్ దగ్గర ఆగాం గానీ ఆ సర్వరు సెలవు. పెట్రోలుతో కలిపి మొత్తం 7,800 అయింది, కారు కడిగించడానికి ఇంకో 400. రేగడి ఎక్కడెక్కడి నుంచో ఊడుతోందని కడిగేవాడు గొణిగాడు.

పాప చెప్పులు విప్పకుండానే క్యాలెండర్ దగ్గరికి పోయి ఆదివారాన్ని కొట్టేసింది. తర్వాత గదిలోకి పోయి తలుపు వేసుకుంది. లోపల గడియ టక్కుమంది. ఐదు నిమిషాలకు తీసుకుని వచ్చి అన్నం ఏదని అడిగింది.

పక్కింటామె, "ఏమ్మా, ఊరంతా తిరిగొచ్చినావే" అంటే, బర్రెదూడ సంగతి మొదలుపెట్టింది. నేను లోపలికి వచ్చేశాను.

మంగళవారం స్కూలు నుంచి వచ్చి నా నోట్‌బుక్కు తీస్తే, పెన్సిలు గీతలు కనపడ్డాయి. కేకు కొట్టేసి ఉంది. యాగంటి కొట్టేసి ఉంది. గుంత పొంగనాలు, సర్కసు, వర్షంలో తడవడం, అన్నీ కొట్టేసి ఉన్నాయి, పక్కన నా పద్ధతిలోనే చిన్న అక్షరాలతో 'తప్పు'. సైకిలు పక్కన టిక్కు. పేజీ చివర గీతల మధ్య ఖాళీ వరసలో, శుక్రవారం తేదీ వేసి, కొత్తగా ఒకటి:

'బెలుం గుహలో అమ్మ తప్పి పోయింది. నేను నాన్న వెతికినాము. మొదటి సారి.'